అనుదిన పశ్చాత్తాపం... ఆత్మకు సమాధానం

బత్షెబ విషయంలో దావీదు చేసిన పాపం ఇశ్రాయేలులో ఎంతోమందికి తెలియదు. తెలిసిన యోవాబు లాంటివాళ్లు నోరు మెదపలేదు. ఊరియా యుద్ధంలో చనిపోయాడన్న కబురు వచ్చింది. ఏడుపు దినాలు ముగిశాయి. బత్షెబ రాజమందిరానికి వచ్చింది, బిడ్డ పుట్టాడు. నాతాను ప్రవక్త వచ్చి ఎదుట నిలబడేదాకా నెలలు గడిచిపోయాయి. ఆ నెలల్లో దావీదు దేవుణ్ణి విడిచిపెట్టేశాడని బైబిల్ ఎక్కడా చెప్పదు. ఎప్పటిలాగే సింహాసనం మీద కూర్చున్నాడు, ఎప్పటిలాగే తీర్పులు చెప్పాడు. పేదవాడికున్న ఒక్క గొర్రెపిల్లనూ లాక్కున్న ధనవంతుడి కథ నాతాను చెబితే కోపంతో ఊగిపోయి, ఆ ధనవంతుడు నాలుగింతలు తిరిగి చెల్లించాలని శిక్ష కూడా వేశాడు (2 సమూయేలు 12). ఎదుటివాడి పాపం మీద అంత పదునుగా ఉన్న మనస్సాక్షి తన పాపం దగ్గర ఎందుకు మొద్దుబారిపోయింది?

ఆ మౌనం ఖరీదు ఎంతో 32వ కీర్తనలో ఉంది. దాన్ని ఈ సంఘటనతో జతచేసి చదవడం విశ్వాసులకు ఎంతోకాలంగా అలవాటు. పాపం ఒప్పుకోకుండా నోరు మూసుకున్నంతకాలం తన ఎముకలు అరిగిపోయాయని, వేసవి ఎండకు చెమ్మ ఇంకిపోయినట్టు తనలోని సారమంతా ఎండిపోయిందని దావీదు అక్కడ చెప్పుకున్నాడు. రెంటచింతల వైపు మే నెల ఎండ చూసినవాళ్లకు ఆ పోలికను వేరే వివరించనక్కర్లేదు. పైకి చూస్తే అదే పొలం, అవే గట్లు, అదే నల్లరేగడి. దగ్గరికెళ్లి చూస్తే కాలు ఇరుక్కునేంత నెర్రెలు. దావీదు రాజ్యమూ పైకి అలాగే ఉంది. లోపల నెర్రెలిచ్చింది దావీదు ఆత్మ!

ఇలా నెర్రెలిచ్చిన బతుకులు మన మందిరాల్లో ఎన్ని ఉన్నాయో దేవునికే ఎరుక. ప్రార్థన కోరుతూ పాస్టర్ల దగ్గరికి వచ్చేవాళ్లలో సగంమంది మొదట చెప్పే మాట ఒకటే: ‘అయ్యగారూ, సమాధానం లేదండీ’. అప్పు గురించి, అల్లుడి గురించి, షుగర్ గురించి ఆ తర్వాత చెబుతారు. ముందు సమాధానం లేదంటారు. ఈ మాట విచిత్రమైనది. క్రైస్తవేతర మిత్రులు మన నోట ‘సమాధానం’ అని వింటే ‘ఏ ప్రశ్నకు?’ అనుకుంటారు. లోకంలో సమాధానమంటే జవాబు. తెలుగు బైబిల్లో సమాధానమంటే శాంతి. అదే మాటకు ఇంకో రూపం కూడా ఉంది, సమాధానపడటం. అంటే తెగిపోయిన సంబంధం మళ్లీ కలవడం. మన పూర్వికులైన అనువాదకులు తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, ఈ మూడు అర్థాలూ ఒక్క మాటలో ఇమిడిపోయాయి. దేవుడు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా, గాయపరిచిన మనిషితో సమాధానపడకుండా శాంతి మాత్రం కావాలని మనం అడుగుతున్నాం. ‘నీవెక్కడున్నావు?’ అని ఆదామును, ‘నీ తమ్ముడెక్కడ?’ అని కయీనును దేవుడు అడిగాడు. జవాబు చెప్పకుండా చెట్టుచాటున ఒకరు దాక్కుంటే, నాకేం తెలుసని మరొకరు దబాయించారు. వాళ్లిద్దరికీ శాంతి దొరకలేదు.

పశ్చాత్తాపాన్ని మనం ఒక తేదీగా మార్చుకోవడం వల్లే ఈ చిక్కంతా వచ్చిందనిపిస్తుంది. సాక్ష్యం చెప్పమంటే ‘ఫలానా సంవత్సరం, ఫలానా ఉజ్జీవ సభల్లో, మూడో రాత్రి రక్షణ పొందాను’ అని గడగడా చెబుతాం. మంచిదే. ఆ రాత్రిని మరిచిపోకూడదు కూడా. కానీ ఆ తర్వాత ఎప్పుడు పశ్చాత్తాపపడ్డారని అడిగితే మాత్రం ఆలోచించాల్సి వస్తుంది. పెళ్లయిన తేదీ గుర్తుంది, పెళ్లాంతో ప్రేమగా మాట్లాడింది ఎప్పుడో గుర్తులేదన్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం.

కొత్త నిబంధన గ్రీకులో ‘మెటానోయియా’ అన్న మాట ఉంది. మనసు మారడం అని దాని అర్థం. ‘మారుమనస్సు’ అని మనవాళ్లు చక్కగా తెలుగు చేశారు. పాత నిబంధన హెబ్రీలో ప్రవక్తలు వాడిన మాట ‘షూబ్’. అది ఇంకా సులువు. వెనక్కి తిరగడమని అర్థం. తప్పుదారిన పోతున్న బండిని తిప్పడం! పశ్చాత్తాపం అన్న సంస్కృత పదంలో ఉన్నది ‘తర్వాత కలిగే తాపం’. అంటే మంట. ఆ మంట ఉండాల్సిందే. కానీ ఎంత మండినా బండి తిరగకపోతే మంట మంటే, దారి దారే.

తిరగడం రోజూ చేయాల్సిన పని అని మన మిరప రైతుకు చెప్పనక్కర్లేదు. కోసిన కాయలు కల్లంలో పోస్తాడు. పోసి ఇంటికెళ్లి పడుకోడు. రోజూ వాటిని తిరగేయాలి. సాయంత్రం మంచు పడకుండా పట్టా కప్పాలి, పొద్దున్నే తీయాలి. పైనున్న కాయ ఎర్రగా నిగనిగలాడుతున్నా అడుగున చెమ్మ పట్టి బూజు లేస్తుందని అతనికి తెలుసు. బూజు పట్టిన సరుకు యార్డులో ధర పలకదు. విదేశాలకు వెళ్లినా అక్కడ పరీక్షల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం బయటపడితే తిప్పి పంపేస్తారు. ఆదివారం మన బతుకులన్నీ పైకాయల్లాగే ఉంటాయి. తెల్లబట్టలు, చేతిలో బైబిల్, నోట పాట. తిరగేసి చూసేవాడు ఉండాలి! ‘నన్ను పరిశోధించు’ అని దేవుణ్ణి అడగడమంటే (కీర్తన 139) అడుగున ఉన్న కాయను పైకి తెమ్మని అడగడమే.

ఈ మాట మన ప్రాంతపు సంఘాలకు కొత్తదేమీ కాదు. 1842 జులై 31న ఫాదర్ హేయర్ గుంటూరులో అడుగుపెట్టినప్పుడు తనతో తెచ్చిన లూథరన్ బోధకు పునాదే ఇది. 1517లో మార్టిన్ లూథర్ ప్రకటించిన 95 సిద్ధాంతాల్లో అన్నిటికంటే మొదటిది దేని గురించి? పాపక్షమాపణ పత్రాల అమ్మకం గురించి అనుకుంటారు చాలామంది. కాదు. విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపమై ఉండాలన్నదే ప్రభువు ఉద్దేశమని ఆయన మొదటి సిద్ధాంతం. 1529లో సామాన్య కుటుంబాల కోసం రాసిన చిన్న ప్రశ్నోత్తర గ్రంథంలో బాప్తిస్మం గురించి చెబుతూ, మనలోని పాత ఆదామును అనుదిన పశ్చాత్తాపంతో ముంచివేయాలని, రోజూ కొత్త మనిషి పైకి లేవాలని లూథర్ బోధించాడు. బాప్తిస్మం ఒక్కసారే. దాని పని మాత్రం రోజూ!

మనకు ఇంకా దగ్గరి సాక్ష్యం గుండ్లకమ్మ ఒడ్డున ఉంది. 1876-78 నాటి మహా కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆయన సర్వేయర్‌గా పని చేసిన మనిషి కాబట్టి ఆ పని ఆయనకు తెలుసు. ఆకలితో చస్తున్న వేలమందికి అక్కడ పని దొరికింది, కూలి దొరికింది. పలుగూ పారా పట్టిన జనం మధ్య తెలుగు బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. విశ్రాంతి దొరికినప్పుడల్లా సువార్త చెప్పారు. జనం నమ్మారు, బాప్తిస్మం ఇమ్మన్నారు. ఇవాళ్టి ఏ సంస్థకైనా ఇంతకంటే ఏం కావాలి? ఫొటోలు తీసి, లెక్కలు కట్టి, అదే వారం నీళ్లలోకి దించేవాళ్లు. క్లౌ అలా చేయలేదు. కరువు సాగినంతకాలం, సుమారు 15 నెలలు, బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చినవాడెవడో, ప్రభువు కోసం వచ్చినవాడెవడో కరువులో తేల్చలేమని ఆయన ఉద్దేశం.

వానలు పడ్డాయి, పని ముగిసింది, సహాయధనం అయిపోయింది. ఇక ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదని చెప్పినా జనం తిరిగి వెళ్లలేదు. తమకు డబ్బు అక్కర్లేదని, కష్టపడి బతుకుతున్నామని, బతికినా చచ్చినా క్రీస్తు వారిగానే ఉంటామని పట్టుబట్టారు. అప్పుడు, 1878 జులైలో, ఒంగోలుకు ఉత్తరాన వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మాలు మొదలయ్యాయి. జులై 3న ఒక్కరోజే 2,222 మంది! మన సభల్లో ఈ అంకె చెప్పగానే ‘హల్లెలూయ’ అంటాం. 2,222 గురించి వందసార్లు ప్రసంగించిన నోళ్లు ఆ 15 నెలల గురించి ఒక్కసారైనా ప్రసంగించాయా? ఆ నెలల్లో పొద్దున్నే లేచి మట్టి తవ్వి, రాత్రి ప్రార్థించి, మళ్లీ పొద్దున్నే లేచిన మనుషుల మారుమనస్సు రోజూ పరీక్షకు నిలిచింది. మన సంఘాలకు పునాది ఆ ఓపికలో ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పశ్చాత్తాపం గురించి మాట్లాడటం మొదలుపెట్టగానే కొందరు చేసే ఘోరం ఒకటుంది. పంట పోయినవాడి గుమ్మంలో నిలబడి, ‘నీలో ఏదో పాపం ఉంది, ఒప్పుకో’ అనడం. ఇది సువార్త కాదు. యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు చేసింది ఇదే, దేవుడు వాళ్లను గద్దించాడు. 1987-88లో మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పురుగు పత్తిని ఊడ్చేసినప్పుడు, అప్పుల పాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పదేళ్ల తర్వాత, 1997-98లో, రాష్ట్రంలో మళ్లీ అదే జరిగింది. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతలో దూరి తోటలను నాశనం చేసింది. ఆ రైతులందరూ పక్క జిల్లా రైతులకంటే ఎక్కువ పాపులా? సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు యేసు ప్రభువును సరిగ్గా ఇదే అడిగినట్టయింది. వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ అపరాధులనుకోవద్దని ఆయన ఖండితంగా చెప్పాడు (లూకా 13). ఆ వెంటనే, మారుమనస్సు అందరికీ కావాలన్నాడు. చచ్చిపోయినవాళ్ల పాపం లెక్కపెట్టడం మానుకుని బతికున్నవాళ్లు తమ లెక్క చూసుకోవాలన్నమాట! నకిలీ విత్తనం అమ్మినవాడు, నూటికి ఐదు రూపాయల వడ్డీ పిండినవాడు, కౌలు రైతు పంట పోయినా కౌలు మాత్రం పైసాతో సహా వసూలు చేసినవాడు... పశ్చాత్తాపపడాల్సినవాళ్ల పట్టీలో పంట పోయిన రైతు పేరు చివర ఎక్కడో ఉంటుంది.

అప్పు పాపం కాదు. నష్టం పాపం కాదు. సిగ్గుకూ పాపానికీ తేడా తెలియక మన బిడ్డలు నలిగిపోతున్నారు. ఇద్దరు శిష్యులు ఒకే రాత్రి ప్రభువును వదులుకున్నారు. ఒకడు యూదా, ఒకడు పేతురు. యూదాకూ పశ్చాత్తాపం కలిగింది, డబ్బు కూడా తిరిగి ఇచ్చేశాడు. కానీ ఆ డబ్బు యాజకుల దగ్గర పారేసి ఒంటరిగా చీకట్లోకి వెళ్లిపోయాడు. పేతురు వెక్కివెక్కి ఏడ్చినా మిగతా శిష్యుల మధ్యకే తిరిగి వచ్చాడు. దైవచిత్తానుసారమైన దుఃఖం రక్షణ వైపుకు, లోక దుఃఖం మరణం వైపుకు నడుపుతాయని పౌలు చెప్పిన తేడా ఇదే (2 కొరింథీ 7). మిమ్మల్ని మనుషులకు దూరంగా, చీకటి గదిలోకి నెట్టే దుఃఖం పరిశుద్ధాత్మ ఇచ్చింది కాదు. అలాంటి ఆలోచన వస్తే ఆ రాత్రే పాస్టరుగారి తలుపు కొట్టండి, సంఘపెద్దను లేపండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేసినా మాట్లాడతారు. ఇందులో విశ్వాసలోపం ఏమీ లేదు.

ఇక అసలు సంగతికి వద్దాం. రోజూ పశ్చాత్తాపపడటమంటే రాత్రి మంచమెక్కే ముందు ‘ప్రభువా, తెలిసీ తెలియక చేసిన పాపాలు క్షమించు’ అని ఒక్క వాక్యంలో మూటకట్టి అప్పగించడమని చాలామంది అనుకుంటున్నారు. తెలియక చేసినవి సరే. తెలిసి చేసినవాటికి పేర్లున్నాయి కదా! యార్డులో కాటా దగ్గర టిక్కీకి ఇంతని తరుగు తీస్తే దానికి ఒక పేరుంది. పత్తి బేరానికి ముందు రాత్రి నీళ్లు చల్లి తూకం పెంచితే దానికీ పేరుంది. విశ్రాంతిదినం ఎప్పుడు ముగుస్తుందా, దొంగ త్రాసుతో ఎప్పుడు అమ్ముకుందామా అని ఎదురుచూసిన వ్యాపారులను ఆమోసు ప్రవక్త పేరుపెట్టి కడిగేశాడు (ఆమోసు 8). వాళ్లు ఆరాధనకు రానివాళ్లు కాదు, వచ్చి కూర్చుని గడియలు లెక్కపెట్టినవాళ్లు. డిసెంబర్ 31 రాత్రి మనం వాగ్దాన కార్డులు తీసుకుంటాం. ఆశీర్వాదాలు, విస్తారమైన పంటలు, శత్రువుల మీద జయం... ఏ కార్డు మీదా ఆమోసు 8వ అధ్యాయం అచ్చువేసినట్టు కనిపించదు. ఎవరైనా వేస్తే ఎవరి చేతికి వస్తుందోనని అందరూ భయపడాల్సిందే!

కాకతాళీయమే కావచ్చు గానీ, మన శ్రమకాల దినాలూ మిరప సీజనూ ఒకేసారి వస్తాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నలభై రోజుల ఉపవాస ప్రార్థనలు మందిరాల్లో జరుగుతుంటే, అవే రోజుల్లో మిర్చి యార్డు లారీలతో నిండిపోతుంది. తోటల్లో కాయ కోయడానికి కర్నూలు పడమటి మండలాల నుంచి, ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలు వలస వస్తాయి. పసిపిల్లలను వెంటబెట్టుకుని పొలం గట్లమీద, గుడారాల్లో పడుకుంటారు. వాళ్ల చేతులు మండుతుంటాయి, కళ్లు మండుతుంటాయి. కోత కోసినవారికి ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొరపెడుతోందని, ఆ మొర సైన్యములకధిపతియగు ప్రభువు చెవిలో పడిందని యాకోబు రాశాడు (యాకోబు 5). మన ఉపవాస ప్రార్థనల ఊరి పొలిమేరలోనే ఆ గుడారాలున్నాయి. సాయంత్రం కూటానికి వెళ్లేముందు వాళ్ల కూలి ముట్టిందా అని చూసుకోవడం కూడా శ్రమకాలపు భక్తిలో భాగమే కదా. ఉపవాసం ఉండి కూలీకి మర్నాడు రమ్మని చెప్పేవాడికంటే, భోంచేసి కూలి ఇచ్చి పంపేవాడే యెషయా 58వ అధ్యాయానికి దగ్గరగా ఉన్నాడు.

పాపం దేవుని దగ్గర ఒప్పుకుంటే చాలదా, మనుషుల దగ్గరికి కూడా వెళ్లాలా అని అడుగుతారు. ఒప్పుకుంటే ఆయన నమ్మదగినవాడు, క్షమిస్తాడు, పవిత్రపరుస్తాడు (1 యోహాను 1:9). అందులో సందేహం లేదు. మనం ఒక్క రూపాయి చెల్లించి కొనుక్కోగలిగింది కాదు ఆ క్షమాపణ. సిలువ మీద దాని వెల తీరిపోయింది. అయితే క్షమాపణ పొందినవాడి చేతుల్లో పొరుగువాడి సొమ్ము ఇంకా ఉంటే దాన్నేం చేయాలి? సంఖ్యాకాండం 5వ అధ్యాయం ప్రకారం అపరాధి పాపం ఒప్పుకోవాలి, తీసుకున్నది తిరిగి ఇవ్వాలి, దానికి ఐదో వంతు కలపాలి. జక్కయ్య ఐదో వంతుతో ఆగలేదు. నాలుగింతలు ఇస్తానన్నాడు. దావీదు ఎదుటివాడికి వేసిన శిక్షను జక్కయ్య తనకు తానే వేసుకున్నాడు! వరుస గమనించండి. ప్రభువు ముందు అతని ఇంటికి వచ్చాడు, అతను ఆ తర్వాత ఇచ్చాడు. ఇచ్చి రక్షణ కొనుక్కోలేదు. రక్షకుడు వచ్చాక చేతులు వాటంతటవే తెరుచుకున్నాయి.

డబ్బుకంటే కష్టమైన లెక్క ఇంకొకటుంది. దాని గురించి రాయడం కొందరికి నచ్చదు. చాలా పల్లెల్లో ఒకే మిషను పేరుతో రెండు గుళ్లున్నాయి. మధ్య దూరం వంద గజాలు. ఇటువాళ్లు అటు బల్లకు వెళ్లరు, అటువాళ్లు ఇటు పిల్లనివ్వరు. కొన్నిచోట్ల సమాధుల తోటలు కూడా వేరు. పునరుత్థాన దినాన బూర మోగినప్పుడు రెండు వరుసల్లో లేస్తామా? కులం హిందూ సమాజం నుంచి మనకు అంటిందని చెప్పి తప్పించుకునే రోజులు పోయాయి. సువార్త గుంటూరుకు వచ్చి 180 ఏళ్లు దాటింది. ఎవరో ఒకరు మొదట ఆ వంద గజాలు నడవాలి. పీఠం దగ్గర కానుక విడిచిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడి రమ్మని ప్రభువు చెప్పాడు (మత్తయి 5). కానుక అక్కడే ఉంటుంది, ఎవరూ ఎత్తుకుపోరు.

మరి రోజంతా పాపాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలా? అక్కర్లేదు. అది ఇంకో గొయ్యి. లూథర్ యౌవనంలో సన్యాసిగా ఉన్నప్పుడు ఆ గోతిలో పడినవాడే. గంటల తరబడి పాపాలు ఒప్పుకుని, బయటికి వెళ్లి, ఇంకొకటి గుర్తొచ్చి మళ్లీ వచ్చేవాడు. ఒప్పుకోలు వినే గురువు స్టౌపిట్జ్ విసిగిపోయాడు. ఎంత తవ్వినా శాంతి రాలేదు. తన లోపలికి చూసుకోవడం మాని సిలువ వైపు చూడమని ఆ గురువే దారి చూపించాడు. చివరికి రోమా పత్రికలో, దేవుని నీతి విశ్వాసం ద్వారా దొరికే వరమని తెలుసుకున్నాకే లూథర్‌కు శాంతి దొరికింది. అందుకే ఆయన చెప్పిన అనుదిన పశ్చాత్తాపానికి ఆ భయం వాసన లేదు. తండ్రి ఇల్లు తెలిసిన బిడ్డ సాయంత్రం ఇంటికి చేరడం లాంటిది అది. తప్పిపోయిన కుమారుడు దారిలో వల్లించుకున్న మాటలన్నీ చెప్పనేలేదు. సగంలోనే తండ్రి ఆపేసి చెప్పులు, వస్త్రం తెమ్మన్నాడు (లూకా 15).

పని చేసుకుని బతికేవాళ్లకు పెద్ద పద్ధతులు అవసరం లేదు. దీపం ఆర్పే ముందు పది నిమిషాలు చాలు. పొద్దున్నుంచి ఎవరెవరితో మాట్లాడామో వరుసగా గుర్తుచేసుకోవాలి. భార్య, పిల్లలు, పాలేరు, ఆటో డ్రైవరు, దుకాణదారు, ఫోన్లో కసురుకున్న తమ్ముడు. ఎక్కడ మనసు ముల్లు గుచ్చుకున్నట్టు ఆగుతుందో అక్కడ ఆగాలి. ‘క్షమించు ప్రభువా’ అని ఊరుకోకుండా దాన్ని దాని పేరుతో పిలవాలి. అబద్ధమైతే అబద్ధమని, అసూయైతే అసూయని. సరిచేయడానికి మర్నాడు చేయాల్సిన పని ఒకటుంటే అది ఏమిటో తేల్చుకోవాలి. సూర్యుడు అస్తమించేదాకా కోపం నిలిచి ఉండకూడదన్న పౌలు మాట (ఎఫెసీ 4) భార్యాభర్తలు గోడకు రాసుకోవాల్సింది. ఆ తర్వాత నిద్రపోవచ్చు. యెరూషలేము బూడిదైన రోజుల్లో కూడా దేవుని కనికరం ప్రతి ఉదయం కొత్తగా పుడుతుందని యిర్మీయా చూశాడు (విలాప వాక్యాలు 3). నిన్నటి బాకీతో కాదు, కొత్త కనికరంతో తెల్లవారుతుంది.

పత్తి రైతులకు వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెప్పే మాట ఒకటుంది. తీతలు అయిపోగానే పత్తి కట్టె పీకేయండి, చేలో ఉంచకండి అని. ఇంకో నాలుగు కాయలు రాకపోతాయా అని ఆశపడి ఉంచితే, ఆ మిగిలిన కాయల్లోనే గులాబీ రంగు పురుగు తలదాచుకుని వచ్చే పంటకు సిద్ధమవుతుంది. పురుగు దూరిన రంధ్రం పూడిపోతుంది కాబట్టి బయటికి కాయ బాగానే కనిపిస్తుంది. కొన్ని పాపాలను మనం అలాగే ఉంచుకుంటాం. పూర్తిగా వదిలేయం, పెద్దగా వాడుకోం. ఒక నంబరు ఫోన్లోంచి తీసేయం. ఒక లెక్కపుస్తకం చింపేయం. ఒక పాత పగను వారానికోసారి తీసి తుడిచి మళ్లీ దాచుకుంటాం. ఉజ్జీవ సభల్లో ఏడ్చి వచ్చిన నెలకే మళ్లీ అదే చోట ఎందుకు పడ్డామా అని ఆశ్చర్యపోతాం. కట్టె చేలోనే ఉంది కదా!

నేరం ఒప్పుకున్న దావీదు 51వ కీర్తనలో శిక్ష తప్పించమని అడగలేదు. శుద్ధ హృదయం ఇమ్మన్నాడు, రక్షణానందం మళ్లీ ఇమ్మన్నాడు. బిడ్డ చనిపోయాడు. ఇంట్లో కత్తి ఆగలేదు, అబ్షాలోము తిరగబడ్డాడు. పశ్చాత్తాపపడితే నష్టాలన్నీ తిరిగొస్తాయని బోధించేవాళ్లు ఆ అధ్యాయాలు దాటేస్తుంటారు. అయినా కొడుకుకు భయపడి యెరూషలేము విడిచి చెప్పులు లేకుండా ఒలీవల కొండ ఎక్కిన ఆ దావీదు, పాపం దాచుకుని సింహాసనం మీద కూర్చున్న దావీదుకంటే నిబ్బరంగా ఉన్నాడు. షిమీ రాళ్లు రువ్వినా తిరిగి కొట్టనివ్వలేదు (2 సమూయేలు 16). దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు మరి.

చాలా సంఘాల్లో వచ్చే నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. ఎవరి ఇంటికి వెళ్లాలో, ఎవరికి ఎంత ఇవ్వాలో ఈపాటికి మనలో కొందరికి గుర్తొచ్చే ఉంటుంది. శనివారం సాయంత్రం దాకా సమయం ఉంది.